అశోక్ చౌక్ నుంచి మొదటి డ్యూటీ దాకా

ఫైలు పెట్టుకోవడానికి మా అమ్మ నాకొక సంచి కుట్టిచ్చింది. కారఖానాలో డ్యామేజీ పడ్డ చద్దరు ముక్కతో కుట్టింది. ఒక మూల నేతలో నెమలి సగమే వచ్చింది, తోక లేదు. అందులో నా పదో తరగతి, పన్నెండో తరగతి మార్కుల కాగితాలు, మూడేళ్ల జి.ఎన్.ఎం. మార్కులు, డిప్లొమా, ముంబైలోని మహారాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం పెట్టుకున్నాను. అన్నిటికీ అడుగున అమ్మ బీడీ కార్డు జిరాక్సు ఉంది. నర్సు ఉద్యోగానికి బీడీ కార్డుతో పనేమిటని అడిగితే, "ఉండనియ్యి బిడ్డా, నిన్ను సదివిచ్చింది అదే గద" అన్నది అమ్మ. నిజమే. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్పు నాకు ఆ కార్డు మీదనే వచ్చింది.

ఆ సంచి భుజానికి వేసుకొని రెండు నెలలు సోలాపూర్ అంతా తిరిగాను. పుట్టి పెరిగిన ఊరే. కానీ పని అడుక్కుంటూ తిరిగినప్పుడు కనిపించే ఊరు వేరు.

మా ఇల్లు అశోక్ చౌక్ నుంచి లోపలికి పోయే గల్లీల్లో ఉంది. కింద కారఖానా, పైన ఇల్లు. కారఖానా సేటుది, పైనున్న రెండు గదులు మాకు కిరాయికి. పగటి పాళి, రాత్రి పాళి అని మగ్గాలు ఆడుతూనే ఉంటాయి. నేల వణుకుతుంది, స్టీలు గ్లాసులో నీళ్లు వణుకుతాయి. బయటి ఊరి చుట్టం వస్తే మొదటి రాత్రి నిద్రపోడు. మాకేమో కరెంటు పోయి మగ్గాలు ఆగితే మెలకువ వస్తుంది. పొద్దున ఆరు గంటలకు గల్లీలోకి దిగితే ఒక అరుగు మీద తునికాకు కత్తిరించే ఆడవాళ్లు, ఇంకో అరుగు మీద కండెలు చుట్టే ముసలమ్మ, బడికి పోయే పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కారఖానాలో హిందీ, కూరగాయల దగ్గర కన్నడ. మనోళ్లకు నాలుగు భాషలు వస్తాయి, కానీ తెలుగు రాయడం చాలామందికి రాదు. నేను మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. తప్పులు ఉంటే సంపాదకులు దిద్దుకుంటారు.

కరీంనగర్, నల్లగొండ, ఓరుగల్లు, పాలమూరు దిక్కుల నుంచి వచ్చిన పద్మశాలీలతో నిండిన ఈ పూర్వభాగం గురించి ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పేదేముంది. సాఖర్ పేఠ్, భద్రావతి పేఠ్, దాజీ పేఠ్‌లో వెంకటేశ్వరుని గుడి, నారళి పౌర్ణమినాడు మార్కండేయ రథం. మా తాత నాన్న కాలినడకన వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. 1877లో నడవడం మొదలుపెట్టిన జూనీ మిల్లు, ఆ తరువాత వచ్చిన నర్సింగ్ గిర్జీ, లక్ష్మి, విష్ణు మిల్లులు, వాటి భోంగా మోతకు లేచి గడియారం లేకుండా బతికిన వాడలు. ఇప్పుడు భోంగా లేదు.

మా తాత మిల్లులో బ్లోరూంలో పనిచేశాడు. పత్తి బేళ్లు విప్పి దులిపే చోటు అది, దూది దుమ్ము అంతా అక్కడే లేస్తుంది. తాతకు సుట్టి దినం అంటే భయం. "సుట్టి నాకు అచ్చిరాదు, తెల్లారి పనికి పోతే దమ్ము పడ్తది" అనేవాడు. సుట్టి రోజు తిన్న గారెల వల్లనే అని నాయినమ్మ గారెలు వండడం మానేసింది. జి.ఎన్.ఎం. మొదటి సంవత్సరంలో సముదాయ ఆరోగ్యం పుస్తకంలో బిసినోసిస్ పాఠం వచ్చింది. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. మొదట్లో ఛాతీ బిగువు వారపు సెలవు తరువాత పనికి వచ్చిన మొదటి రోజే ఎక్కువగా ఉంటుంది, అందుకే ఇంగ్లీషులో దాన్ని సోమవారం జ్వరం అన్నారు. ఆ పేజీ చదివి క్లాసులోనే ఏడ్చాను. తాత పోయి అప్పటికి ఏడేళ్లు. గారెల తప్పేమీ లేదని నాయినమ్మకు చెప్పాను. "గట్లనా" అని చాలాసేపు ఊరుకున్నది. ఆ దీపావళికి గారెలు వండింది.

సరే, పని వెతుకులాట సంగతికి వస్తాను.

మొదటి వారం కన్నా చౌక్ మీదుగా నడిచి సివిల్‌కు పోయాను. జిల్లా కోర్టు ఎదురుగా ఉన్న వైశంపాయన్ మెడికల్ కాలేజీ 1963లో పెట్టింది. దాని దవాఖానను మనం సివిల్ అనే అంటాం. మన వాడల్లో సివిల్‌లో పుట్టని, సివిల్‌లో ఎవరినీ పోగొట్టుకోని ఇల్లు ఉండదేమో. ప్రభుత్వ నర్సు పోస్టు కావాలంటే జాహిరాత్ పడాలి, పరీక్ష రాయాలి, మెరిట్‌లో రావాలి. గేటు దగ్గర నిలబడి అడిగితే దొరికేది కాదని నాకూ తెలుసు. అయినా పోయాను. నోటీసు బోర్డు చదివి, చెట్టు కింద డబ్బా తిని, సాత్ రస్తా దాకా నడిచి హోట్గీ రోడ్డు బస్సు ఎక్కాను. అక్కడ ఈ.ఎస్.ఐ. దవాఖాన ఉంది. మిల్లులో ఉన్నన్నాళ్లు తాతకు ఈ.ఎస్.ఐ. కార్డు ఉండేది. నాయినకు లేదు. ఆయన పనిచేసిన ఏ కారఖానా పుస్తకంలోనూ ఆయన పేరు సరిగ్గా ఎక్కలేదు. మిల్లుకూ కారఖానాకూ మధ్య మనం పోగొట్టుకున్నది పగారొక్కటే కాదు.

రెండో వారం నుంచి ప్రైవేటు దవాఖానలు. స్టేషన్ దిక్కు, సాత్ రస్తా దిక్కు, హోట్గీ రోడ్డు పొడుగునా ఎక్కని మెట్టు లేదు. రిసెప్షన్‌లో పిల్ల బయోడేటా తీసుకుంటుంది, పైకి పంపుతుంది, ఒకామె వచ్చి మరాఠీలో ఒకటే ప్రశ్న: "అనుభవ్ కితీ?" అనుభవం ఎంత? లేదంటే కాగితం ట్రేలో పడుతుంది. ఎవరూ మొదటి పని ఇవ్వకపోతే అనుభవం ఎక్కడినుంచి వస్తుందని ఒకసారి అడిగేశాను. ఆమె నవ్వి, "నాకూ అట్లనే అన్నరు చెల్లె" అని తెలుగులో అన్నది. ఆమెది కూడా మన వాడే. ఆ రోజు పని దొరకలేదు గాని చాయ్ దొరికింది. ఆమె చెప్పిన రెండు మాటలు నాకు తరువాత పనికొచ్చాయి. ఒకటి, జిరాక్సులు రెండు సెట్లు పెట్టుకో, ఒరిజినల్ చూపించు, ఇయ్యకు. రెండు, పగార్ ఎంతో కాగితం మీద రాసి అడుగు.

హైదరాబాద్ నుంచి మేనమామ ఫోన్ చేశాడు. అక్కడ దవాఖానలు బోలెడు, తెలుగు వచ్చు, రమ్మన్నాడు. కానీ రిజిస్ట్రేషన్ మహారాష్ట్రది. తెలంగాణలో చేయాలంటే ఇక్కడి కౌన్సిల్ నుంచి ఎన్.ఓ.సి. తెచ్చుకొని అక్కడి కౌన్సిల్‌లో మళ్లీ పేరు ఎక్కించుకోవాలి. దానికి పైసలు, నెలలు. పైగా అమ్మకు నడుము పోయింది. రోజంతా చాట ఒళ్లో పెట్టుకొని వంగి కూర్చునే పని. వెయ్యి బీడీల లెక్క కట్టే చేతులు ఇప్పుడు ఆరు వందల దగ్గర ఆగుతున్నాయి. నేను వెళ్లిపోతే ఇల్లు ఎట్లా నడుస్తుందని ఎవరూ నోటితో అనలేదు. అందరం అదే లెక్క వేసుకున్నాం.

ఐదో వారంలో ఒక నర్సింగ్ హోమ్‌వాళ్లు పిలిచారు. పేరు రాయను. నెలకు ఏడు వేలు, పన్నెండు గంటల డ్యూటీ, రెండేళ్లు వదిలి వెళ్లకూడదు. అందుకు హామీగా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ వాళ్ల దగ్గర పెట్టాలి. "అందరూ పెడ్తరు" అన్నాడు ఆఫీసాయన. రేపు పొద్దున తెస్తానని చెప్పి ఇంటికి వచ్చాను. సంతోషంగానే వచ్చాను, దాచడమెందుకు. ఏడు వేలు అప్పుడు నాకు చాలా పెద్దగా కనిపించాయి.

నాకు తెలియని సంగతి ఒకటుంది, ఇక్కడే రాస్తాను. సుప్రీం కోర్టు చెప్పిన మీద కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రైవేటు నర్సుల పగార్ల మీద ఒక కమిటీ వేసింది. 50 పడకల లోపు చిన్న దవాఖానలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఉండకూడదని, 200 పడకలు దాటిన చోట ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. సిఫారసు సిఫారసుగానే ఉన్నదనుకోండి. కానీ మన పిల్లలకు ఆ సంఖ్య తెలిసి ఉండాలి. ఏడు వేలు అన్నప్పుడు అది దేనిలో ఎంతో తెలియాలి.

ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. అమ్మ వెంటనే "పో బిడ్డా, మొదలైతే పెట్టు" అన్నది. నాయిన తినడం ఆపాడు. ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు, ముఖం చూసి మాట్లాడాలి. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.

"కాగితాలు వాళ్లకియ్యాల్నా?"

"రెండేండ్లే నాయినా."

"నేను ఉచల్ ఎంత తీసుకున్ననో ఎరుకేనా నీకు?"

ఎరుకే. అక్క పెళ్లికి సేటు దగ్గర ముప్పై వేలు ఉచల్ తీసుకున్నాడు. ఉచల్ అంటే ముందుగా తీసుకునే పగార్ పైసలు. అది తీరేదాకా వేరే కారఖానాకు పోరాదు. పక్క గల్లీలో పీసుకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తున్నా పోరాదు. మధ్యలో నాయినమ్మకు ఆపరేషన్ అయింది, మళ్లీ కొంత తీసుకున్నాడు. ఆరేళ్లు ఆ రెండు మగ్గాల నడుమనే ఉన్నాడు. ఆ ఆరేళ్లలోనే చెవులు పోయాయి.

"నాకన్న చేతుల పైసలు పెట్టి కట్టేసిన్రు," అన్నాడు నాయిన. "నీకు పైసలియ్యకుంటనే కట్టేస్తున్నరు. వద్దు."

అమ్మకు కోపం వచ్చింది. "నీ మాటలతో కిరాయి ఎల్తదా?" అన్నది. ఆ కోపం తప్పు కాదు. ఆ నెల కిరాయి నిజంగానే కట్టలేదు. రాత్రంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. కింద మగ్గాలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. తెల్లారి నేను సంచి తీసుకొని బయలుదేరాను. ఎటు పోతున్నానో వాళ్లకు చెప్పలేదు, నాకూ తెలియదు.

నడిచి నడిచి భయ్యా చౌక్‌కు చేరాను. అక్కడ డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ పుట్టిన ఇల్లు ఉంది, దాన్ని స్మారకంగా చేశారు. బడిలో ఒకసారి తీసుకుపోయారు, అప్పుడు పిల్లలం అల్లరి చేయడమే గుర్తుంది. కోట్నీస్ మన సోలాపూర్ వాడు, 1910లో పుట్టాడు. జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు 1938లో మన దేశం ఐదుగురు డాక్టర్లను పంపితే అందులో ఒకడు. మిగతావాళ్లు తిరిగి వచ్చారు, ఈయన రాలేదు. యుద్ధం మధ్యలో పనిచేస్తూ 1942 డిసెంబర్ 9న అక్కడే పోయాడు. అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్లు.

ఇవన్నీ బడి పుస్తకంలో చదివినవే. ఆ రోజు నన్ను పట్టి నిలబెట్టింది ఆయన భార్య. క్వో చింగ్‌లాన్. ఆమె నర్సు, అక్కడి వైద్య పాఠశాలలో నర్సింగ్ నేర్పేది. 1941లో పెళ్లి చేసుకున్నారు, మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. పిల్లవాడికి యిన్‌హువా అని పేరు పెట్టారు, అంటే ఇండియా–చైనా అని. కొడుకు పుట్టిన కొన్ని నెలలకే భర్త పోయాడు. డాక్టర్ పేరు మీద సినిమా వచ్చింది, రోడ్లు వచ్చాయి, బొమ్మలు వచ్చాయి. నేను ఆ నర్సు గురించే ఆలోచిస్తూ నిలబడ్డాను. యుద్ధం నడుమ, చంకలో పిల్లాణ్ణి పెట్టుకొని మళ్లీ డ్యూటీకి పోయిన మొదటి రోజు ఆమెకు ఎట్లా ఉండి ఉంటుంది? ఏ కాగితంలోనూ అది రాసి ఉండదు.

బయటికి వచ్చి ఆ నర్సింగ్ హోమ్‌కు ఫోన్ చేసి రానని చెప్పాను. ధైర్యంతో కాదు. నాయిన ముఖం గుర్తొచ్చి.

తరువాత మూడు వారాలు చెడ్డగా గడిచాయి. అమ్మతో పాటు కూర్చొని బీడీలు చుట్టాను. మూడేళ్లు గ్లవ్స్ వేసుకొని నేర్చుకున్న చేతులు మళ్లీ తంబాకు వాసన పట్టాయి. కుంభారిలో గోదూతాయి పరులేకర్ ఘర్కుల్‌లో ఉండే మా చిన్నమ్మ ఒకరోజు వచ్చింది. ఆడం మాస్తర్ కొట్లాటతో బీడీ కార్మికులకు వచ్చిన పది వేల ఇళ్ల కాలనీ అది, 2006లో ఇచ్చారు. ఆ దగ్గర్లోనే ఇప్పుడు రేనగర్ కూడా లేచింది, 2024 జనవరిలో పదిహేను వేల ఇళ్ల తాళాలు ఇచ్చారు. "ఇల్లు కోసం మేము ఎన్ని మోర్చాలు తిరిగినమో, నువ్వు రెండు నెలలకే కూలబడితివి" అని చిన్నమ్మ తిట్టింది. ఆమె తిట్టు బాధ పెట్టలేదు, ఎందుకో నవ్వొచ్చింది.

పని చివరికి దొరికిన తీరు చెప్తే మీరూ నవ్వుతారు. మా పూర్వభాగంలోనే, ఇంటికి పది నిమిషాల నడకలో ముప్పై పడకల దవాఖాన. ఊరంతా తిరిగాను గాని ఇక్కడ అడగలేదు, చిన్నదని. పక్కింటి మామకు చక్కెర ఎక్కువై చేర్చుకుంటే డబ్బా ఇవ్వడానికి పోయాను. అంతకు రెండు రోజుల ముందే ఒక సిస్టర్ పెళ్లి చేసుకొని పుణెకు పోయిందట. మామ పక్క మంచం మీద ఒక ముసలి నేతగాడు ఉన్నాడు. డ్యూటీ సిస్టర్ పక్కనుంచి గట్టిగా, గొంతు చించుకొని "జేవలాత్ కా?" అని అడుగుతోంది. తిన్నారా అని. ఆయన ఉత్తగా చూస్తున్నాడు. పిచ్చివాడనుకుందో ఏమో ఆమెకు విసుగొచ్చింది.

మన గల్లీల్లో ఎవరికైనా తెలుసు అక్కడ ఏం చేయాలో. మగ్గాల నడుమ ఎవరూ అరవరు, అరిచి లాభం లేదు. ఎదురుగా వచ్చి, ముఖం చూపించి, పెదవులు నిదానంగా కదిలించి, చేత్తో సైగ చేస్తారు. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల ఆడవాళ్లు కూడా అట్లనే మాట్లాడుకునేవాళ్లట. ఇంకొక సంగతి చదువులో తెలిసింది: మోత వల్ల పోయే వినికిడి ముందుగా సన్నని, పైగొంతు శబ్దాలకు పోతుంది. ఆడపిల్ల గొంతు పెంచిన కొద్దీ వాళ్లకు తక్కువ వినపడుతుంది. గొంతు దించి, మెల్లగా మాట్లాడాలి. నేను మంచం కాళ్ల దిక్కు పోయి ఆయనకు ఎదురుగా నిలబడి "తాతా, బువ్వ తిన్నవా?" అన్నాను, చేతిని నోటి దగ్గరకు తీసుకొని. "లే బిడ్డా, సూది ఇచ్చినంక తింట అన్న, ఎవలు ఇనలే" అన్నాడు ఆయన. చక్కెర సూది ముందా, అన్నం ముందా అన్న మాట అది. తేలిక మాట కాదు.

మెట్రన్ బాయి తలుపు దగ్గర ఉంది. పండరిపురం దిక్కు మనిషి, మరాఠీ తప్ప రాదు. "నువ్వెవరు?" అన్నది. జి.ఎన్.ఎం. అన్నాను. "రిజిస్ట్రేషన్ అయిందా?" అయింది. "రాత్రి పాళి చేస్తావా?" అన్నది. అనుభవం ఎంత అని అడగలేదు.

సంచి ఇంట్లో ఉంది. పరుగెత్తుకొని పోయి తెచ్చాను. ఒరిజినల్ చూపించి జిరాక్సులు ఇచ్చాను. పగార్ పదకొండు వేలు, కాగితం మీద రాసి ఇచ్చారు. కమిటీ చెప్పిన దానికి సగం కంటే కొంచెం ఎక్కువ, అది నాకు గుర్తుంది. ఏడాది తరువాత పెంచమని అడగాలని అదే రోజు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నాను.

మొదటి రాత్రి గురించి గొప్పగా చెప్పేదేమీ లేదు. భయపడ్డాను. సెలైన్ చుక్కలు లెక్కపెట్టి లెక్కపెట్టి మళ్లీ లెక్కపెట్టాను. రెండు గంటలకు ఒక బాలింత ఏడిస్తే పక్కన కూర్చున్నాను. వీధి అవతల కారఖానా నడుస్తోంది. ఆ మోత వినపడుతున్నంతసేపు నాకు కొంచెం ధైర్యంగా ఉంది.

మొదటి పగార్ వచ్చిన వారం కిరాయి కట్టాం. అమ్మ అప్పుడు నాయినతో మాట్లాడింది, అంతకు ముందు మాట్లాడలేదని కాదు, మామూలుగా మాట్లాడింది. సుట్టి రోజు నాయినను చెవుల పరీక్షకు తీసుకుపోయాను. "నాకంతా ఇనవడ్తది" అని దారిపొడుగునా గొణిగాడు. గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు పెట్టారు. శబ్దం వినపడితే బటన్ నొక్కాలి. ఆయన నొక్కకుండా చాలాసేపు కూర్చున్నాడు.

బయటికి వచ్చాక రిపోర్టు చేతికి ఇచ్చారు. గళ్ల కాగితం మీద రెండు గీతలు, కుడివైపు పోతుంటే కిందికి జారిపోతున్నాయి. నాయిన ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. జకార్డ్ డిజైన్లు కూడా అట్లాంటి గళ్ల కాగితం మీదనే గీస్తారు.

"ఈ డిజైన్ ఎన్ని పోగులది?" అన్నాడు.

డాక్టర్‌కు అర్థం కాలేదు, నేను చెప్పలేదు. మిషన్ ధర విని నాయిన లేచి నిలబడ్డాడు. దీపావళి బోనస్ వచ్చినాక చూద్దాం అన్నాడు. కాగితం నా సంచిలో ఉంది.